బాటసారి మూట: పౌలు నడిచిన ఊళ్లలో పద్దెనిమిది రోజులు



పోయిన మాసములో ఆత్మకూరు నుండి ఒక తమ్ముడు మాకు ఉత్తరము వ్రాశాడు. "అయ్యగారూ, మీరు 2023వ సంవత్సరములో గ్రీసు, ఇటలీ దేశములకు ఒక్కరే వెళ్లి వచ్చారని ఉదయగిరిలో మా మేనమామ చెప్పినాడు. టూరు వాళ్లను అడిగితే లక్షలు చెబుతున్నారు. ఒక్కరే పోవడము ఎట్లా? మీకు ఎంత అయినది? భయము వేయలేదా?" ఇవి అతని మూడు ప్రశ్నలు. నాలుగవ ప్రశ్న ఒకటి ఉన్నది. మర్యాద కొద్దీ అతడు అడగలేదు గాని, మన సంఘములలో చాలామంది మనస్సులో ఉన్నదే. అంత డబ్బు పెట్టి అట్లా తిరిగి రావడము న్యాయమేనా? ఈ నెల ఆ నాలుగింటికీ మాకు తెలిసినంతలో జవాబు వ్రాస్తున్నాము. "మేము" అనడము ఈ శీర్షికకు అలవాటే గాని, వెళ్లినది మాత్రము ఒక్కరమే.

ఎందుకు వెళ్లాము

మా ఇంటావిడ ఉదయగిరి ప్రాంతములో ఇరవై ఆరు సంవత్సరములు సండేస్కూలు నడిపినది. బైబిలు చివర పౌలు ప్రయాణముల పటము ఉంటుంది గదా, ఆ రంగు గీతల మీద వేలు పెట్టి పిల్లలకు ఊళ్ల పేర్లు చెప్పించేది. ఫిలిప్పీ, థెస్సలొనీక, బెరయ, ఏథెన్సు, కొరింథు. ఒకసారి ఒక పిల్లవాడు, "అమ్మగారూ, ఆ ఊళ్లు ఇప్పుడు ఉండాయా?" అని అడిగినాడు. ఆమెకు జవాబు తెలియలేదు. ఇంటికి వచ్చి మమ్మల్ని అడిగినది. మాకూ తెలియదు. ఆ నెల నుండి కుట్టుమిషను మీద వచ్చిన డబ్బులో నెలకు అయిదు వందలు పోస్టాఫీసులో కట్టడము మొదలుపెట్టినది. "మీరు రిటైరైనాక ఇద్దరమూ పోయి చూసి వద్దాము" అనేది. అది 2009వ సంవత్సరము.

2021 మే నెలలో, కరోనా రెండవ అల వచ్చినప్పుడు, ఆమె ప్రభువునందు నిద్రించినది. పుస్తకములో వడ్డీతో కలిపి లక్షా పది వేలు ఉన్నవి.

ఆ డబ్బు ఏమి చేయాలి అన్న మాట ఇంటిలో రెండేళ్లు నడిచినది. అమ్మ సమాధికి గ్రానైటు వేయిద్దాము అన్నది మా అమ్మాయి. మా అబ్బాయి, "అరవై మూడేళ్ల వయస్సులో, షుగరు పెట్టుకొని, తెలియని దేశములో ఒక్కరే ఎట్లా తిరుగుతారు నాయనా?" అన్నాడు. మా సంఘ పెద్ద ఒకాయన నెమ్మదిగా, "అయ్యా, మందిరము కప్పు కారుతున్నది, ఆలోచించండి" అన్నాడు. ముగ్గురి మాటా తీసివేయదగినది కాదు. చివరకు దశమ భాగము పదకొండు వేలు తీసి కప్పు పనికి ఇచ్చాము. మిగిలిన తొంభై తొమ్మిది వేలకు మా పింఛను పొదుపులో నుండి కొంత కలిపి, ఆమె చూడాలనుకున్న ఊళ్లు చూసి రావాలని నిశ్చయించుకున్నాము.

కాగితముల సంగతి

తమ్ముడూ, మొదట కాగితములు. పాస్‌పోర్టు పదేళ్లలోపు తీసుకున్నదై ఉండాలి. తిరిగి వచ్చే తేదీ తరువాత ఇంకా కనీసము మూడు నెలలు చెల్లాలి. గ్రీసు, ఇటలీ, స్పెయిను, పోర్చుగలు, మాల్టా మొదలగు దేశములకు వేరువేరు వీసాలు అక్కరలేదు. షెంగెన్ వీసా ఒక్కటి ఉంటే ఆ దేశములన్నిటిలో, 180 రోజుల కాలములో 90 రోజులకు మించకుండా తిరగవచ్చును. ఎక్కువ రోజులు ఏ దేశములో ఉంటామో ఆ దేశమునకు దరఖాస్తు పెట్టాలి. మాకు గ్రీసులో పదకొండు రోజులు, ఇటలీలో ఏడు రోజులు గనుక గ్రీసు వీసాకు చెన్నైలోని కేంద్రములో పెట్టాము. అప్పుడు రుసుము 80 యూరోలు. 2024 జూన్‌లో అది 90 యూరోలు అయినది. 30 వేల యూరోల వైద్య ఖర్చుకు చాలే ప్రయాణ బీమా తప్పనిసరి. తిరుగు టిక్కెట్టు, బసల వివరము, బ్యాంకు లెక్క, పింఛను కాగితము చూపాలి. ప్రయాణమునకు ఆరు నెలల ముందు నుండి దరఖాస్తు పెట్టుకోవచ్చు. పదిహేను రోజుల లోపుకు వస్తే మాత్రము ఆలస్యమైనట్లే.

యెరూషలేము యాత్రకు మన రాష్ట్ర ప్రభుత్వము ఇచ్చే సహాయమును 2019లో, సంవత్సరాదాయము మూడు లక్షల లోపు ఉన్నవారికి 60 వేల రూపాయలకు పెంచారు. మాది యెరూషలేము యాత్ర కాదు, సొంతముగా కల్పించుకున్న దారి. కాబట్టి దానిని మేము అడగలేదు.

ఇంకొక మాట. ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830లో చెన్నపట్నము నుండి కాశీకి బయలుదేరి, పదిహేను నెలలు తిరిగి, వచ్చేటప్పుడు మన నెల్లూరు మీదుగానే వచ్చారు. ఆయన వెంట నూరు మంది దాకా పరివారము ఉన్నది. పల్లకీలు, డేరాలు, వంటవారు అంతా వెంటనే. అది ఒక పద్ధతి. పౌలు గారిది ఇంకొక పద్ధతి. చేతిలో డేరాలు కుట్టే పని ఉన్నది, ఊరూరా ఎవరో ఒకరు తలుపు తీసేవారు. మా పద్ధతి ఆ రెండవ దానికి దగ్గర, చేతిపని ఒక్కటి తప్ప.

దారి

2023 అక్టోబరు మొదటి వారములో చెన్నైలో విమానము ఎక్కి గల్ఫు మీదుగా ఏథెన్సులో దిగాము. తిరుగు టిక్కెట్టు రోము నుండి తీసుకున్నాము. ఒక ఊరిలో దిగి వేరొక ఊరిలో ఎక్కితే వెనక్కు రావలసిన ఖర్చు ఉండదు. ఎండాకాలములో అక్కడ జనమూ ఎక్కువ, ధరలూ ఎక్కువ. అక్టోబరులో రెండూ తగ్గుతాయి. ఎండ మన కార్తికమాసపు ఎండవలె ఉంటుంది.

ఏథెన్సులో దిగిన రాత్రే బస్సు ఎక్కి కవాలా చేరాము. రాత్రి బస్సులో గడిస్తే ఒక రాత్రి బస ఖర్చు మిగులుతుంది. ఉదయగిరి నుండి హైదరాబాదు బస్సు ఎక్కే మనకు ఇది కొత్త కాదు. కవాలా అంటే అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయములోని నెయపొలి. పౌలు ఐరోపా నేల మీద మొదట అడుగుపెట్టిన రేవు. అక్కడికి ఫిలిప్పీ పదిహేను కిలోమీటర్లు. అలెగ్జాండరు తండ్రి ఫిలిప్పు పేరున వెలసిన ఊరు అది. ఇప్పుడు మనుషులు కాపురము లేదు, రాళ్లు ఉన్నవి. 2016లో యునెస్కో వారు దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించారు. రోమీయులు వేసిన ఎగ్నేషియా రహదారి బండలు ఊరి నడుమ కనబడతాయి. బండి చక్రముల ఒరిపిడికి రాయి మీద గాడి పడి ఉన్నది. పౌలును, సీలను ఉంచారని చెప్పే చిన్న చెరసాలను కూడా చూపిస్తారు.

ఆ రాళ్ల దగ్గర నుండి కొంచెము నడిస్తే ఏరు వస్తుంది. ఊదారంగు బట్టలమ్మే లూదియ బాప్తిస్మము పొందినది ఈ ఏటిలోనే అంటారు. పక్క పల్లెకు కూడా లూదియ అనే పేరు. పెద్ద ఏరేమీ కాదు. పెన్నలో నీళ్లు తగ్గినప్పుడు సోమశిల దిగువన పాయ ఎట్లా ఉంటుందో అంతే. నీళ్లు చల్లగా, తేటగా పారుతున్నవి. గట్టున చెట్ల నీడ.

మా ఇంటావిడ పదహారవ ఏట పెన్నలో బాప్తిస్మము తీసుకున్నది. మన తెలుగు బాప్టిస్టులకు ఏటి ఒడ్డు అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చిన సంగతి మన తాతల నాటి నుండి వింటున్నదే. మేము ఆ గట్టున చెప్పులు విడిచి, కాళ్లు నీళ్లలో పెట్టి కూర్చున్నాము. ఒక గంట కూర్చున్నామో, రెండు గంటలో. ప్రార్థన చేశామని చెబితే అబద్ధమౌతుంది. ఊరకే కూర్చున్నాము. లేచేటప్పుడు ఒక చిన్న గులకరాయి తీసుకున్నాము. "అమ్మగారూ, ఆ ఊళ్లు ఇప్పుడు ఉండాయా?" అని అడిగిన పిల్లవాడు ఇప్పుడు ఆత్మకూరులో ఇద్దరు బిడ్డల తండ్రి. ఆ రాయి అతనికి ఇవ్వాలనుకున్నాము.

కవాలా నుండి థెస్సలొనీక రెండున్నర గంటల బస్సు ప్రయాణము. అది పెద్ద నగరము, చాలా సందడి. ఇక్కడి అధికారులకు లూకా గారు కార్యముల గ్రంథము 17వ అధ్యాయములో "పొలిటార్కులు" అనే గ్రీకు పేరు వాడారు. గ్రంథములలో ఇంకెక్కడా కనబడని ఆ పేరును చూసి పూర్వము కొందరు పండితులు సందేహించారు. తరువాత ఈ ఊరి పాత ద్వారము మీద అదే మాట చెక్కిన రాయి దొరికినది. ఆ రాయి ఇప్పుడు లండనులోని బ్రిటిషు మ్యూజియములో ఉన్నది. ఆదివారము ఇక్కడి గ్రీకు ఎవాంజెలికల్ సంఘములో ఆరాధనకు వెళ్లాము. గ్రీసులో అత్యధికులు ఆర్థొడాక్సు వారు. మనవంటి సంఘములు చాలా చిన్నవి. భాష ఒక్క ముక్క అర్థము కాలేదు గాని పాటల రాగములు రెండు మాకు తెలిసినవే.

ముందురోజే, అంటే అక్టోబరు 7న, ఇశ్రాయేలులో యుద్ధము మొదలైనది. ఆ రాత్రి ఇంటి నుండి ఎనిమిది ఫోన్లు. అబ్బాయికి గ్రీసుకు, యెరూషలేముకు దూరము ఎంతో పటములో చూపించి చెప్పేసరికి అర్ధరాత్రి అయినది.

అక్కడి నుండి బెరయకు ఒక పగటి ప్రయాణము. ఇప్పటి పేరు వేరియా, డెబ్బై అయిదు కిలోమీటర్ల దూరము. పౌలు నిలిచి మాట్లాడిన చోటని చెప్పే మెట్ల దగ్గర రంగురాళ్లతో ఆయన బొమ్మలు కూర్చి పెట్టారు. తరువాత మళ్లీ ఏథెన్సు. అరేయొపగు అనేది ఒక బోడిగుండు. ఎక్కడానికి టిక్కెట్టు లేదు. పౌలు ప్రసంగము కంచు పలక మీద గ్రీకులో చెక్కి గుండు అడుగున బిగించారు. కాళ్ల రాపిడికి రాయి నునుపెక్కి జారుతున్నది. మన వయస్సువారు పక్కనున్న ఇనుప మెట్ల మీదుగా ఎక్కడము మేలు. పైనుండి చూస్తే అక్రోపొలిసు గుడులు ఎదురుగా ఉంటాయి. చేతులతో కట్టిన ఆలయముల సంగతి ఆ చోట నిలబడి మాట్లాడడానికి ఎంత ధైర్యము కావాలో అక్కడ నిలబడితే తెలుస్తుంది.

కొరింథుకు ఏథెన్సు నుండి లోకలు రైలు ఉన్నది. పాత కొరింథు ఇప్పటి ఊరికి ఏడు కిలోమీటర్ల దూరములో ఉన్నది. గల్లియో ఎదుట పౌలును నిలబెట్టిన న్యాయపీఠము రాతి అరుగు అట్లాగే ఉన్నది. గల్లియో పేరున్న శాసనము డెల్ఫీలో దొరకడము వలన, పౌలు కొరింథులో ఉన్నది క్రీ.శ. 51, 52 ప్రాంతమని పండితులు లెక్క కట్టారు. అకుల, ప్రిస్కిల్లలతో కలిసి ఆయన డేరాలు కుట్టినది ఈ ఊరిలోనే. కుట్టుమిషను డబ్బుతో ఇక్కడికి వచ్చినవాళ్లము గనుక ఆ సంగతి మాకు ఎక్కువగా తగిలినది.

పౌలు రోముకు పోయినది ఖైదీగా, ఓడ బద్దలై, మెలితే ద్వీపము మీదుగా. మెలితే అంటే ఇప్పటి మాల్టా. ఖర్చు చాలక దానిని మేము వదిలివేశాము. పాత్రా రేవులో సాయంకాలము ఓడ ఎక్కి ఇటలీలోని బారి రేవులో మరునాడు దిగాము. గది తీసుకోకుండా డెక్కు టిక్కెట్టు తీసుకుంటే చాలా చవక. లారీ డ్రైవర్లు, చదువుకునే పిల్లలు దుప్పటి పరచుకొని పడుకుంటారు. మేము కూడా దుప్పటి పరిచాము. ఓడ బద్దలు కాలేదు గాని చలికి నిద్ర పట్టలేదు. త్రోయలో విడిచిన అంగీ తెచ్చిపెట్టమని పౌలు ముసలితనములో తిమోతికి ఎందుకు వ్రాశాడో ఆ రాత్రి తెలిసినది. తమ్ముడూ, స్వెట్టరు మరిచిపోవద్దు.

బారి నుండి నేపుల్సు, అక్కడి నుండి లోకలు రైలులో పొతియొలీ. ఇప్పుడు దానిని పొత్సువోలి అంటారు. ఓడ దిగిన పౌలును ఇక్కడి సహోదరులు ఏడు రోజులు ఉంచుకున్నారు. రేవు దగ్గర పాత రోమీయుల సంత స్థంభములు మూడు నిలిచి ఉన్నవి. వాటికి ఎత్తున సముద్రపు గుల్లలు తొలిచిన రంధ్రములు ఉన్నవి. భూమి అక్కడ శతాబ్దముల తరబడి కుంగుతూ లేస్తూ ఉండడమే దానికి కారణము. మేము వెళ్లిన రోజులలో కూడా చిన్న చిన్న భూకంపములు వస్తూనే ఉన్నవి. ఆ ఊరివారు వాటి మధ్యనే కూరగాయలు బేరము చేసుకుంటున్నారు.

చివర రోము. ప్రాకారము వెలుపలి పౌలు దేవాలయములో పీఠము క్రింద ఆయన సమాధి ఉన్నదని చెబుతారు. ఆ రాతిపెట్టె సంగతి 2006లో ప్రకటించారు. చూడడానికి రుసుము లేదు. కావూరు చౌకులో వాల్దేన్సుల మందిరము కూడా చూశాము. 1914లో కట్టినది. ఈ వాల్దేన్సులు లూథరు గారికి మూడు వందల ఏండ్లకు ముందే బైబిలు తమ భాషలో చదివి, దాని కొరకు కొండలలో హింసలు పడినవారు. 1532లో సంస్కరణ సంఘములలో చేరారు. 1848 వరకు వారికి ఆ దేశములో పౌరహక్కులు లేవు. రోములో మనవారు ఎవరుంటారు అనుకునేవారికి ఈ సంగతి చెప్పాలని వ్రాస్తున్నాము.

దొంగ ఒకడు, మూసిన తలుపు ఒకటి

భయము వేయలేదా అని అడిగావు. రెండుసార్లు వేసినది.

ఒక నగరములో లోకలు రైలు ఎక్కుతుంటే ముగ్గురు కుర్రవాళ్లు ముందు నుండి, వెనుక నుండి ఒత్తుకొని నిలబడ్డారు. దిగి చూసుకుంటే చొక్కా జేబులో పర్సు లేదు. అందులో డెబ్బై యూరోలు ఉన్నవి. మోకాళ్లు వణికినవి. అయితే పాస్‌పోర్టు, బ్యాంకు కార్డు, మిగిలిన డబ్బు భద్రముగా ఉన్నవి. ఎట్లా అంటే, మా ఇంటావిడ చాలా ఏండ్ల క్రిందటనే ఈ ప్రయాణము కొరకని బనియను క్రింద నడుముకు కట్టుకునే గుడ్డ సంచులు రెండు కుట్టి పెట్టినది. ఒకటి ఆమెకు, ఒకటి మాకు. రెండూ మేమే కట్టుకొని వెళ్లాము. ఆ రైలుస్టేషను బల్ల మీద కూర్చొని ఆ సంచి తడుముకున్నప్పుడు, అన్ని రోజులలో అప్పుడే కన్నీళ్లు వచ్చినవి.

రెండవది, ఇటలీలో ఒక ఊరిలో. ముందుగా డబ్బు కట్టిన గదికి రాత్రి ఎనిమిదిన్నరకు చేరితే తలుపు తీసేవారు లేరు, ఫోను ఎత్తేవారు లేరు. పది గంటల వరకు మెట్ల మీద కూర్చున్నాము. షుగరు మందు వేసుకోవాలి, కడుపులో ఏమీ లేదు. ఎదురింటిలో పని ముగించుకొని ఒక స్త్రీ బయటకు వచ్చినది. శ్రీలంక తమిళామె. మాకు వచ్చిన అరకొర అరవములో సంగతి చెప్పాము. ఆమె తన సంచిలోని రొట్టె తీసి ముందు తినమన్నది. తరువాత తెలిసిన కన్యాస్త్రీల అతిథి గృహమునకు ఫోను చేసి, అర మైలు మాతో నడిచి వచ్చి అప్పగించి వెళ్లినది. దారిలో చెప్పినది, ఒక ముసలామెను చూసుకొనే పనిలో ఉన్నదట. కొడుకును జాఫ్నాలో తల్లి దగ్గర విడిచి వచ్చి ఆరేండ్లు అయినదట. డబ్బు ఇవ్వబోతే చేతులు వెనక్కు పెట్టుకున్నది. ఉదయగిరి కొయ్య గరిటె ఒకటి ఇస్తే మాత్రము తీసుకొని, అటూ ఇటూ తిప్పి చూసి, దాని పనితనము మెచ్చుకున్నది.

ఆ రాత్రి పడుకున్నాక ఒక సంగతి తోచినది. ఒంటరి ప్రయాణము అని మేము గొప్పగా చెప్పుకుంటున్నాము గాని, మన ఉదయగిరి, ఆత్మకూరు పల్లెల నుండి కువైటుకు ఇంటిపనికి పోయే ఆడబిడ్డలు ఎంతమంది? భాష రాదు, దారి తెలియదు, తిరుగు టిక్కెట్టు వాళ్ల చేతిలో ఉండదు. వాళ్ల ముందు మాది ప్రయాణమే కాదు. మీ సంఘములో అట్లా పోయివచ్చిన అక్క ఉంటే, ఒకసారి ఆమెను కూర్చోబెట్టి ఆ దారి సంగతి అడిగి వినండి. మేము ముప్పై ఏండ్లు ఆ ఊళ్లలో ఉండి ఒక్కరిని కూడా అడగలేదు.

ఖర్చు ఎట్లా తగ్గినది

వెంట తీసుకుపోయినది ఒక్కటే సంచి, ఏడు కిలోలు. అందులో రెండు జతలు, కందిపొడి, కారప్పొడి, అటుకులు, మందులు, వైద్యుని చీటీ, పంచడానికి అరడజను ఉదయగిరి గరిటెలు. తేలిక వస్తువులు, మన ఊరి పేరు చెబుతాయి. గ్రీసులో ఆలివు కొయ్య గరిటెలు అమ్ముతారు. వాళ్లకు మనవి చూపిస్తే బేరము మాట పోయి పనితనము మాట వచ్చేది.

బస: పలు పడకల గదులుండే హాస్టళ్లు, కన్యాస్త్రీలు నడిపే అతిథి గృహములు. రెండవవాటిలో రాత్రి తలుపులు త్వరగా మూస్తారు, శుభ్రముగా ఉంటాయి. ఇటలీలో బస డబ్బు కాక ఊరి పన్ను చేతికి ఇవ్వవలసి ఉంటుంది. భోజనము: హాస్టలు వంటగదిలో అన్నము వండుకొని కందిపొడి కలుపుకున్నాము. పగలు గ్రీసులో నువ్వులద్దిన రొట్టె చుట్టలు, ఇటలీలో తూకము వేసి అమ్మే పిజ్జా ముక్క. ఇటలీలో కాఫీ నిలబడి త్రాగితే ఒక ధర, చాలాచోట్ల కూర్చుంటే ఇంకొక ధర. రోములో వీధి వీధికీ నీళ్ల కుళాయి ధారగా పారుతూనే ఉంటుంది, త్రాగే నీరే, సీసా కొననక్కరలేదు. రైలు కాగితపు టిక్కెట్టును ఎక్కేముందు స్టేషనులోని యంత్రములో ముద్ర వేయించుకోవాలి, మరిచిపోతే జరిమానా. సమ్మె రోజులు ముందుగా ప్రకటిస్తారు. స్టేషనులో అడిగి తెలుసుకోవాలి.

మా లెక్క ఇది. విమానము 58,000 రూపాయలు. వీసా, దాని సేవా రుసుము 9,500. బీమా 2,000. చెన్నైకి రాకపోకలు 3,000. అక్కడ పద్దెనిమిది రోజుల బస, తిండి, బస్సులు, ఓడ, ప్రవేశ రుసుములు కలిపి 83,000. అప్పుడు యూరో ఎనభై ఎనిమిది రూపాయలు ఉన్నది. మొత్తము 1,55,500 రూపాయలు. దొంగ తీసుకున్నది ఇందులో కలపలేదు. ధరలు, నిబంధనలు మారుతుంటాయి గనుక బయలుదేరేముందు మరల కనుక్కోవాలి.

నాలుగవ ప్రశ్న

ఇంత డబ్బు పెట్టడము న్యాయమేనా?

తమ్ముడూ, అప్పు చేసి పోవద్దు. పొలము తాకట్టు పెట్టి పోవద్దు. బిడ్డ ఫీజు ఆపి పోవద్దు. ఆ ఊళ్లు చూడకపోతే విశ్వాసములో ఏమీ తక్కువ కాదు. మన తాతముత్తాతలలో ఎవరూ చూడలేదు. మా సంఘ పెద్ద అడిగిన ప్రశ్న న్యాయమైనది. తిరిగి వచ్చాక ఆయనతో ఆ మాటే చెప్పాము. ఆయన నవ్వి, "కప్పు అయిపోయినదిలే అయ్యా, నువ్వు చూసినది పిల్లలకు చెప్పు" అన్నాడు.

కాబట్టి ఇప్పుడు ఆదివారము మధ్యాహ్నము ఆమె తరగతిని మేము చూస్తున్నాము. పటము అదే, గీతలు అవే. ఫిలిప్పీ దగ్గర వేలు పెట్టినప్పుడు, అక్కడ ఏరు ఎంత వెడల్పు, నీళ్లు ఎంత చల్లన, గట్టున ఏ నీడ అన్నది చెప్పగలుగుతున్నాము. ఆ గులకరాయి ఆత్మకూరు అబ్బాయికి ఇచ్చాము. అతడు దానిని తన పెద్ద కూతురి చేతిలో పెట్టినాడు. ఆ పిల్ల దానిని నాలుకకు తాకించి, "ఉప్పగా లేదే" అన్నది. ఏటి రాయి ఉప్పగా ఉండదమ్మా అని చెప్పాము.

గ్రానైటు మాట ఏమైనదని అడుగుతారేమో. రాబోవు సంవత్సరము పింఛనులో మిగిలినదానితో వేయిస్తామని అమ్మాయికి మాట ఇచ్చాము. ఇంకా వేయలేదు. ఈ మాట ఇక్కడ అచ్చులో ఉన్నది గనుక ఇక తప్పదు.

వచ్చే నెల మరల కలుసుకొందాము. అందాక ప్రభువు కృప మీకు తోడై యుండును గాక.